కాఫీ కొట్టూ, హుక్కా పొగా – నీటిరంగుల్లో

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు బొమ్మలు నేర్చుకునేవాళ్లది చాలావరకు పటచిత్రాలు చూసి పెరిగిన చెయ్యి. పటచిత్రంలో తెలుపు కూడా ఒక రంగే. శంఖాలు పొడిచేసి, వెలగ బంక కలిపి తయారుచేసుకుంటారు. ఎర్ర హింగులం మీదైనా, నల్లటి మసి మీదైనా అద్దితే కూర్చుంటుంది, కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. నీటిరంగు దీనికి పూర్తిగా ఎదురు. ఇందులో తెలుపంటే కాగితమే. ఎక్కడ తెలుపు కావాలో అక్కడ కుంచె పెట్టకూడదు, అంతే. ఒకసారి పెట్టారా, ఆ తెలుపు పోయినట్టే.

ఈ సంగతి చేతికి ఎక్కాలంటే కాఫీ కొట్టులో హుక్కా పీలుస్తూ కూర్చున్న మనిషి బొమ్మని మించిన పాఠం లేదు. పొగ, గాజు సీసా, అందులో నీళ్లు, కిటికీ వెలుగు, కాఫీ కప్పు అంచు, తలపాగా మీద పడిన ఎండ – బొమ్మకి ప్రాణం పోసేవన్నీ తెల్లనివే, వెయ్యకుండా వదిలెయ్యాల్సినవే. మిగతా కొట్టంతా చీకటి. ఆ చీకటి ఎంత జాగ్రత్తగా వేస్తే వెలుగు అంత బాగా వస్తుంది.

ఈ రకం బొమ్మలకి అసలు చోటు 19వ శతాబ్దపు ఇస్తాంబుల్. అక్కడ కాఫీ కొట్లు 1550ల్లోనే తహ్తకలే పేటలో మొదలయ్యాయి. 1633లో సుల్తాన్ నాలుగో మురాద్ వాటిని మూయించి, పొగాకుని కూడా నిషేధించాడు. తర్వాత మళ్లీ తెరుచుకుని ఊరంతా పాకాయి. అమెడియో ప్రెజియోసి అనే చిత్రకారుడు 1816లో మాల్టాలో పుట్టి, పారిస్‌లో బొమ్మలు నేర్చుకుని, 1842లో ఇస్తాంబుల్ చేరాడు. 1882లో చనిపోయేదాకా ఆ ఊరే ఆయన ఇల్లు. 1854లో ఆయన వేసిన కాఫీ కొట్టు నీటిరంగు చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇంటర్నెట్‌లో పెద్ద సైజులో దొరికితే కాపీ చెయ్యడానికి కాదు, ఒక్కో మూల పెద్దది చేసుకుని చూడటానికి తెరవండి. ఎవరెవరు ఎలా కూర్చున్నారు, వెలుగు ఎక్కడినుంచి వస్తోంది, ఏది వివరంగా వేశాడు, ఏది వదిలేశాడు – ఈ నాలుగూ చూస్తే చాలు.

ముందు హుక్కా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. నూటికి తొంభై హుక్కా బొమ్మలు తప్పుపోయేది రంగు దగ్గర కాదు, ఇక్కడే.

టర్కీలో దీన్ని నర్గిలె అంటారు. పారసీలో నార్గీల్ అంటే కొబ్బరికాయ, ఆ మాట సంస్కృతంలోని నారికేళం నుంచి వెళ్లింది. మొదట్లో నీళ్లు పోసే పాత్ర కొబ్బరి బుర్రే కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది. ఉద్దానం కొబ్బరితోటల పక్కన ఉండేవాళ్లం, ఆ పేరు ఎంత దూరం ప్రయాణం చేసిందో తలుచుకుంటే మనసు నిండుతుంది. ఇస్తాంబుల్ చేరేసరికి బుర్ర పోయి గాజు సీసా వచ్చింది. బొమ్మ వేసేవాళ్లకి అదే పండగ, ఎందుకంటే బుర్ర అయితే గోధుమరంగు ముద్ద, గాజయితే వెలుగు.

భాగాలు పై నుంచి కిందకి ఇలా ఉంటాయి. అన్నిటికన్నా పైన మట్టి గిన్నె, మన చిలుం లాంటిది. అక్కడ దాన్ని లులె అంటారు. దాని కింద ఇత్తడో వెండో కాండం. కాండం లోపలి నిలువు గొట్టం సీసాలోకి దిగి, నీళ్లలో 2, 3 సెంటీమీటర్లు మునుగుతుంది. సీసా మెడ దగ్గర, నీటిమట్టానికి బాగా పైన, పక్కకి ఒక మూతి ఉంటుంది. పొడుగాటి మెత్తటి గొట్టం తగిలేది ఆ మూతికి. ఆ గొట్టం పేరు మర్పుచ్. మీటరున్నర, రెండు మీటర్ల పొడవు ఉంటుంది, తోలు మీద రంగు దారాలు చుట్టి ఉంటాయి. చివర నోట్లో పెట్టుకునే కొన. ఖరీదైన వాటికి అది గట్టిపడి రాయైన చెట్టుబంక, తేనెరంగు అంబర్‌తో చేసింది.

మనిషి పీల్చినప్పుడు సీసాలో నీళ్ల పైన ఉన్న గాలి పల్చబడుతుంది. ఆ ఖాళీ నింపడానికి బయటి గాలి నిప్పుల మీదుగా, పొగాకులోంచి, నిలువు గొట్టంలోకి దిగి, నీళ్లలో బుడగలై పైకి లేచి, పక్క మూతిలోంచి నోటికి చేరుతుంది. ఇది అర్థమైతే బొమ్మలో కొన్ని తప్పులు వాటంతట అవే పోతాయి. పైనున్న మట్టి గిన్నెలోంచి రైలింజనులా పొగ కక్కుతున్నట్టు వెయ్యరు, ఎందుకంటే అక్కడ లేచేది నిప్పుకణిక మీది సన్నటి నీలి దారం మాత్రమే. గుబురుగా తెల్లగా వచ్చే పొగ మనిషి నోట్లోంచి వస్తుంది. గొట్టం పెదవుల మధ్య ఉన్నప్పుడు సీసాలో బుడగలుంటాయి, నోట్లోంచి పొగ రాదు. పొగ వదులుతున్నప్పుడు కొన నోటికి దూరంగా ఉంటుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి. రెండూ ఒకే మనిషికి వేస్తే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. సీసా నిండా నీళ్లు వేస్తే ఆ నీళ్లు గొట్టంలోంచి నోట్లోకి వస్తాయి. సగం కన్నా కాస్త ఎక్కువ, మెడకి బాగా కిందగా ఉంచండి.

పొగాకు పెట్టే తీరు కూడా కాలాన్ని బట్టి వెయ్యాలి. పాత నర్గిలెలో వాడిన పొగాకు తోంబెకి. ఆకుని తడిపి, పిండి, గిన్నెలో గుట్టగా అదిమి, దాని మీద నేరుగా నిప్పుకణికలు పెట్టేవాళ్లు. ఇప్పటి హుక్కా బార్లలో కనిపించే వెండిరంగు రేకు, పళ్ల వాసన పాకం పొగాకు ఆ కాలానివి కావు. 1850ల బొమ్మలో రేకు మెరిసిందంటే బొమ్మ అబద్ధం చెప్పినట్టే. ఇంకోటి, నీళ్లు లేని పొడుగు పైపు – చుబుక్. చెర్రీ కొమ్మతోనో మల్లె కొమ్మతోనో చేసిన నిటారు గొట్టం, నేల మీద ఆనే మట్టి గిన్నె. కాఫీ కొట్టు బొమ్మల్లో అదీ ఇదీ రెండూ ఉంటాయి. రెండిటినీ కలిపేసి వంకరగొట్టం చివర మట్టి గిన్నె పెట్టెయ్యకండి.

బొమ్మ కోసం హుక్కా ఎదురుగా పెట్టుకుంటే మంచిదే, వెలిగించే పని మాత్రం పెట్టుకోకండి. నీళ్లు పొగని చల్లబరుస్తాయి తప్ప శుభ్రం చెయ్యవు. పైగా బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో బొమ్మ వేస్తూ కూర్చునేవాళ్లకి కూడా అది మంచిది కాదు. నీళ్లు పోసిన సీసా, ఖాళీ గిన్నె, గొట్టం చాలు. పొగ ఎలా ఉంటుందో చూడటానికి ఒక అగరువత్తి వెలిగించి, వెనక నల్లగుడ్డ కట్టండి.

ఆ అగరువత్తి పొగలోనే ఒక ముఖ్యమైన విషయం కనిపిస్తుంది. నల్లగుడ్డ ముందు అది నీలంగా ఉంటుంది. అదే పొగని వెలుతురున్న కిటికీకి అడ్డంగా పెట్టి చూస్తే గోధుమరంగు తిరుగుతుంది. కణాలు మరీ చిన్నవి కావడంతో నీలివెలుగుని పక్కలకి చెదరగొడతాయి, మిగిలిన పసుపు ఎరుపులు సూటిగా మన కంటికి వస్తాయి. నోట్లోంచి వచ్చిన పొగ వేరు. ఊపిరిలోని తేమ పట్టి దాని కణాలు పెద్దవవుతాయి, అందుకే తెల్లగా, బరువుగా కనిపిస్తుంది. అంటే ఒకే బొమ్మలో పొగకి మూడు రంగులు: నిప్పు దగ్గర సన్నటి నీలం, నోటి దగ్గర తెలుపు, కిటికీ ముందు మసక గోధుమ. ఈ మూడూ సరిగ్గా వస్తే, వెనక గోడ ఎంత సాదాగా ఉన్నా కొట్టులో గాలి ఉన్నట్టు అనిపిస్తుంది.

కాఫీ సామాను సంగతి. మన స్టీలు గ్లాసు, డబరా అందులోకి రానివ్వకండి. అక్కడి కప్పు ఫింజాన్: కోడిగుడ్డు సగానికి కోసినట్టుండే ఆకారం, చెవి లేనిది. వేడికి చేత్తో పట్టుకోలేరు కాబట్టి జర్ఫ్ అనే చిన్న లోహపు గూడులో పెట్టి ఇస్తారు. నడుము సన్నగా ఉండే టీ గ్లాసు టర్కీ పేరు చెప్పగానే అందరికీ గుర్తొస్తుంది, కానీ టీ అక్కడ ఇంటింటా పాకింది 20వ శతాబ్దంలో. పాతకాలపు బొమ్మలో దానికి చోటు లేదు. కొట్టులో ఒక మూల పొయ్యి, దాని చుట్టూ పొడుగు పిడి ఉన్న రాగి గిన్నెలు, లోపల కళాయి. కాఫీపొడి పసుపంత మెత్తగా దంచి, ఒక్కో కప్పుకి 60, 70 మిల్లీలీటర్ల చన్నీళ్లలో 6, 7 గ్రాముల పొడి వేసి, పంచదార కావాలంటే అప్పుడే కలిపి, చిన్న సెగ మీద పెడతారు. నురగ అంచుదాకా లేవగానే దించేస్తారు. తెర్లిందా, నురగ చచ్చిపోతుంది. కప్పులో ఆ నురగ అంచు చుట్టూ లేత గోధుమ గీతగా కనిపిస్తుంది. బొమ్మలో ఆ గీత ఒక్కటి వదిలితే కాఫీ, వదలకపోతే తారు.

బట్టల్లో ఒక్క మాట. 1829లో ఒట్టోమన్ ఉద్యోగులకి ఎర్ర కుళ్లాయి – ఫెజ్ – తప్పనిసరి చేశారు. పనివాళ్లు, మతపెద్దలు తలపాగా వదల్లేదు. కాబట్టి 1850ల కొట్టులో కుళ్లాయి, తలపాగా పక్కపక్కనే కూర్చుంటాయి. బొమ్మకి ఇది వరం. ఎరుపు ఒక్కచోట, తెలుపు ఒక్కచోట, మిగతా అంతా మట్టిరంగు.

మనుషుల కూర్చునే తీరు నేర్చుకోవడానికి ఇస్తాంబుల్ వెళ్లక్కర్లేదు. జయపురం, రాయగడ, గుణుపురం బస్టాండు దగ్గర ఏ టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చున్నా సరిపోతుంది. వేడి గ్లాసుని అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకునే పద్ధతి, మాట వింటూ పక్కవాడి వైపు కాస్త ఒరిగే భుజం, ఆకుచుట్ట ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం – పనిలేని మనిషి ఒంట్లో ఉండే ఆ బరువు అన్నిచోట్లా ఒకటే. గీసే ముందు అడగండి. కొండ మీద సంతల్లో అయితే మరీనూ. ఒక్కో మనిషికి 2 నిమిషాల కన్నా తీసుకోవద్దు. ముక్కూ మొహం కాదు కావాల్సింది, వెన్ను గీత, తల వంపు, మోకాలు ఎక్కడ ఆనింది.

కొలతలు: పావు షీటు, అంటే 28 × 38 సెంటీమీటర్ల కాగితం మీద ముఖ్యమైన మనిషిని 15 సెంటీమీటర్ల ఎత్తు వెయ్యండి. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్న మనిషి తన తలకి ఇంచుమించు నాలుగింతల ఎత్తు ఉంటాడు. 60, 70 సెంటీమీటర్ల నర్గిలె అతని పక్కన నేల మీద పెడితే మట్టి గిన్నె అతని భుజం ఎత్తుకి వస్తుంది. అదే మనిషి 40 సెంటీమీటర్ల ఎత్తు దివాను మీద కూర్చుని, హుక్కా నేల మీదే ఉంటే గిన్నె అతని మోచేతి ఎత్తుకి దిగుతుంది. ఇది చూసుకోకే హుక్కా కొందరి బొమ్మల్లో మందుసీసాలా, కొందరివాటిలో ధ్వజస్తంభంలా తయారవుతుంది.

గుండ్రాలు కూడా చూసుకోవాలి. కంటి ఎత్తుకి దగ్గరగా ఉన్న గిన్నె అంచు సన్నటి గింజలా కనిపిస్తుంది, కిందకి పోయేకొద్దీ నీటి అంచు కాస్త లావు, సీసా అడుగు ఇంకా లావు. మూడూ ఒకే లావు వేస్తే సీసా పడిపోతున్నట్టుంటుంది. గొట్టం గీసేటప్పుడు తాడులా వదులుగా వెయ్యకండి, దానికి బరువుంది. మూతి దగ్గర కొంచెం పైకి లేచి, నేలకి దిగి, అక్కడ ఒక చుట్ట చుట్టుకుని, మనిషి చేతికి లేస్తుంది. చూసేవాడి కన్ను నడిచే దారి కూడా అదే, హుక్కా నుంచి మొహానికి. పెన్సిల్ హెచ్‌బీ చాలు, గట్టిగా నొక్కితే కాగితం గాడి పడి రంగు అక్కడ పేరుకుంటుంది. పొగకి మాత్రం పెన్సిల్ గీత అస్సలు వద్దు. రంగు ఆరాక రంగు కింద గీతని చెరపలేం, పొగకి కంచె వేసినట్టు అది అలాగే ఉండిపోతుంది.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), నూరు శాతం నూలు, కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుది. ఇందులో పొదుపు చెయ్యొద్దు. రంగులు కేమ్లిన్ ఆర్టిస్ట్ ట్యూబులైనా పని జరుగుతుంది, కాగితం చవకదైతే ఎంత మంచి రంగైనా పని చెయ్యదు. చెక్కగుజ్జు కాగితం మీద రెండోసారి తడిపితే పై పొర లేచి బియ్యప్పిండిలా రాలుతుంది. మన ప్రాంతంలో అసలు శత్రువు తేమ. కాగితం తయారీలో జిలాటిన్ లాంటి జిగురు పట్టిస్తారు, రంగు పైన నిలిచేది దానివల్లే. బరంపురం ఉప్పుగాలికి, కోరాపుట్ వానలకి ఒక ఏడాది విప్పి పెట్టిన కాగితంలో ఆ జిగురు అక్కడక్కడ చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలీదు. వాష్ (పల్చటి రంగు పూత) వెయ్యగానే ముదురు మచ్చలు పడతాయి, రంగు అద్దుడు కాగితంలోకి ఇంకినట్టు ఇంకిపోతుంది. ఒకసారి అలా అయిన కాగితం బాగుపడదు, పెన్సిల్ పనికి వాడుకోండి. కొత్తది కొన్న రోజే ప్లాస్టిక్ కవరులో సిలికా జెల్ పొట్లాలతో మూసి, ఇనప బీరువాలో నడిమి అరలో పెట్టండి. గోడకి ఆనించిన చెక్క అలమరాలో వద్దు.

కాగితాన్ని 5 నిమిషాలు నీళ్లలో నానబెట్టి, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద పరిచి, తడిపితే అంటుకునే 5 సెంటీమీటర్ల గమ్ టేపుతో నాలుగు వైపులా అంటించండి. బల్లని పడుకోబెట్టే ఆరనివ్వాలి. నిలబెడితే నీళ్లు కిందకి దిగి, కింది టేపు ఊడుతుంది. మే నెలలో రెండు గంటల్లో డప్పులా బిగుస్తుంది. జూలైలో జయపురంలో రాత్రంతా పడుతుంది.

రంగులు ఏడు చాలు: ఎల్లో ఓకర్, రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ నీలం, ఒక వేడి ఎరుపు, ఒక చల్లని ఎరుపు. నలుపు కొనకండి, అల్ట్రామెరీన్ బర్న్ట్ సియెన్నా కలిపితే ప్రాణమున్న నలుపు వస్తుంది. థాలో నీలం, థాలో ఆకుపచ్చ ఈ బొమ్మకి దూరంగా పెట్టండి. అవి కాగితం నారల్లోకి దిగిపోతాయి, తర్వాత తడిపి ఎత్తుదామన్నా, అంటే గుడ్డతో ఒత్తి తీసేద్దామన్నా, రావు. ఓకర్, అల్ట్రామెరీన్ పైపైనే కూర్చుంటాయి, ఎత్తితే వస్తాయి.

అసలు బొమ్మకి ముందు చిన్న నమూనా ఒకటి వేసుకోవడం మంచిది, అదీ కాఫీతోనే. 1958లో మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా ఆపాలని ప్రభుత్వం కోరాపుట్ కొండల మీద కాఫీ నాటించింది. ఇప్పుడా కాఫీ మన కొట్లలో దొరుకుతోంది. ఆ చిక్కటి డికాషన్‌ని మూడు గిన్నెల్లో పోసి, ఒకటి అలాగే, ఒకటి సగం నీళ్లతో, ఒకటి నాలుగింతల నీళ్లతో పెట్టుకోండి. పోస్టుకార్డంత ముక్క మీద ఈ మూడింటితోనే వెలుగునీడలు తేల్చుకోండి. పంచదార కలిసిన కాఫీ అయితే చీమలూ బూజూ రెండూ వస్తాయి. డికాషన్ రంగు ఎండకి వెలిసిపోతుంది కూడా, కాబట్టి ఫ్రేము కట్టే బొమ్మకి వాడకండి.

ఇక రంగు. మొదటి వాష్‌కి శనగగింజంత ఎల్లో ఓకర్, మెంతిగింజంత బర్న్ట్ సియెన్నా, 2 టేబుల్ స్పూన్ల నీళ్లు. పల్చటి టీలా ఉండాలి. దీన్ని పెద్ద కుంచెతో కాగితం అంతా వేసెయ్యండి, వదలాల్సినవి తప్ప: కిటికీ, తలపాగా మీద ఎండ పడే వైపు, కప్పు అంచు, సీసా మెరుపు, నోటి దగ్గర పొగ. అద్దుకుంటూ కాదు, ఒక్క తీరున, పై నుంచి కిందకి, ప్రతి గీతా ముందు గీత తడి అంచుని పట్టుకుంటూ. మధ్యలో ఫోనొచ్చినా ఆగకండి, ఆగినచోట చార పడుతుంది.

పూర్తిగా ఆరిందో లేదో చేతి వెనక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడుందన్నమాటే.

ఇప్పుడు పొగ. మిగతా బొమ్మంతా పోయినా ఫరవాలేదు, ఇది మాత్రం పద్ధతిగా చెయ్యండి. వెనక గోడకి కావలసిన రంగు ముందే కలిపి పెట్టుకోవాలి: రెండు వంతుల అల్ట్రామెరీన్, ఒక వంతు బర్న్ట్ సియెన్నా, పల్చటి మజ్జిగలా. తర్వాత శుభ్రమైన కుంచెతో మంచినీళ్లు మాత్రమే తీసుకుని, పొగ ఉండాల్సిన చోటుని, దాని చుట్టూ ఇంకో వేలెడు మేర తడపండి. నోటి దగ్గర మాత్రం ఒక పక్క పొడిగా వదలండి. ఇప్పుడు తల పక్కకి వంచి వెలుగుకి అడ్డంగా చూడండి. నీళ్లు అద్దంలా మెరుస్తుంటే ఇంకా ఆగాలి. మెరుపు పోయి పట్టు చీరలా మసక నిగనిగ మిగిలిన క్షణమే సమయం. మే నెల మధ్యాహ్నం బరంపురంలో ఇది నిమిషం లోపే వచ్చేస్తుంది, వానాకాలంలో కోరాపుట్‌లో ఐదారు నిమిషాలు పట్టొచ్చు. గడియారం కాదు, ఆ మెరుపే చెప్పాలి.

అప్పుడు గోడరంగు నిండా తీసుకుని పొగ బయటి అంచున పెట్టండి. లోపలికి తొయ్యకండి. రంగు తడిలోకి తనంతట తాను పాకి, ఎక్కడో ఆగుతుంది. అదే పొగ అంచు. నోటి దగ్గర పొడిగా వదిలిన పక్క గట్టి అంచు వస్తుంది. పెదవుల దగ్గర పొగ సన్నగా, స్పష్టంగా ఉండి, దూరం పోయేకొద్దీ చెదిరిపోతుంది కాబట్టి అది సరిగ్గా కావలసిందే. తొందరపడి మెరుపుండగానే పెడితే రంగు పొగంతా మింగేస్తుంది. ఆలస్యమైతే పొగకి కత్తెరతో కోసిన అంచు వచ్చి మబ్బుముక్క అతికించినట్టుంటుంది. సగం ఆరిన దానిలో నీళ్లెక్కువున్న కుంచె పెడితే గోబీపువ్వు ఆకారం విచ్చుకుంటుంది. గోడ మీద అయితే అది మచ్చ, పొగలో అయితే ఒక్కోసారి అందమే, వదిలెయ్యండి.

రంగు పొగని మింగేసిందా, రంగు పూర్తిగా ఆరనిచ్చి, కాస్త గరుకు కుంచె తడిపి మెల్లగా రుద్ది, పాత నూలు పంచె ముక్కతో ఒత్తి ఎత్తండి. గుడ్డతో రుద్దకుండా ఒత్తాలి, ప్రతిసారీ గుడ్డ వేరే మడత వాడాలి. కాగితం అసలు తెలుపు తిరిగి రాదు, కానీ వెనకెక్కడో తేలే పాత పొగకి ఆ మసక సరిపోతుంది. నిప్పు మీది నీలి దారం కూడా ఇలాగే: తడి కుంచె అంచుతో ఒక్క వంపు గీత గీసి ఒత్తితే చాలు. కిటికీ ముందు పొగకి ఎత్తడం కాదు, మంచినీళ్లు రాసి, అందులో చుక్కంత బర్న్ట్ సియెన్నా జారవిడవండి. చిక్కగా కప్పేసే తెల్ల రంగు గౌష్‌తో పొగ వెయ్యాలనే ఆశ పుడుతుంది. విన్సర్ అండ్ న్యూటన్ అనే రంగుల కంపెనీ 1834లో చైనీస్ వైట్ అనే తెలుపు తెచ్చిన దగ్గర్నుంచి నీటిరంగు చిత్రకారులు తెలుపు అద్దుతూనే ఉన్నారు. అది ఇత్తడి మీది చుక్కమెరుపుకి, గడ్డంలో ఒకటి రెండు తెల్లవెంట్రుకలకి బాగుంటుంది. పొగకి వాడితే సుద్దముక్క రాసినట్టు బొమ్మ పైన వేరే పొరలా కూర్చుంటుంది.

గాజు సీసా కూడా దగ్గరగా చూడాల్సిందే. గాజుకి రంగు లేదు, దాని అంచుల్లో చీకటి ఉంది. మధ్యలో వెనకున్నది కనిపిస్తుంది, పక్కలకి పోయేకొద్దీ నల్లబడుతుంది. నీళ్లున్న గుండ్రటి సీసా భూతద్దంలా పనిచేస్తుంది, అందుకే వెనక కాస్త దూరంలో ఉన్నవి ఎడమా కుడీ తారుమారై కనిపిస్తాయి. వెనక ఎడమన ఉన్న ఎర్ర దిండు నీళ్లలో కుడి వైపు మెరుస్తుంది. నీళ్ల పైన, ఖాళీ భాగంలో ఆ తారుమారు ఉండదు. నిలువు గొట్టం నీటి అంచు దగ్గర విరిగినట్టు, కింద కాస్త లావుగా కనిపిస్తుంది. ఈ విరుపు ఒక్కటి వేస్తే నీళ్లు వేరే వెయ్యక్కర్లేదు. సీసా మీద మెరుపంటే దాని ఆకారానికి వంగి కనిపించే కిటికీయే. ఆ మెరుపుని పూసి తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం, మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో కాపాడొచ్చు, కుంచెకి ముందు సబ్బు రాసుకుని ముంచండి, లేకపోతే కుంచె పారెయ్యాలి. ఎండాకాలంలో ఆ పూటే తీసెయ్యండి. రెండు మూడు రోజులుంటే కాగితంతో సహా ఊడొస్తుంది. మైనపువత్తి గీస్తే గీసినట్టే, తిరిగి తియ్యలేం.

ఇత్తడి కాండానికి అభ్యాసం కావాలంటే గంజాం జిల్లా బెలగుంఠ ఇత్తడి చేప ఒకటి బల్ల మీద పెట్టుకోండి. ఇత్తడి పసుపు కాదు. తెలుపు పక్కనే ముదురు గోధుమ, మధ్య మెట్లు లేకుండా. మెత్తగా కలిపేస్తే మట్టిబొమ్మ అవుతుంది.

మొహాలకి ఎక్కువ చెప్పేదేం లేదు: ముఖ్యమైన మనిషి ఒక్కడికే కళ్లు, మిగతావాళ్లకి కనుబొమ్మ కింద నీడ చాలు. తివాచీ కూడా అంతే. బరంపురం పట్టు గోపురం అంచు దగ్గరగా ఉన్న మడతలో ఒక్కో గోపురం లెక్కపెట్టొచ్చు, దూరపు మడతలో రంగు చార మాత్రమే కనిపిస్తుంది. ముందున్న జానెడు మేర నగిషీ వేసి, తర్వాత వదిలెయ్యండి.

చిట్టచివర, పెరుగంత చిక్కటి ముదురు రంగు: దివాను కింద, సీసా నేలని ఆనే సన్న గీత, కుళ్లాయి కుచ్చు, పొయ్యి నోరు. మొత్తం మీద అయిదారు చోట్ల మించకూడదు. బల్లకి దూరంగా వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. మొదట నోటి దగ్గర పొగ, తర్వాత సీసా కనిపిస్తే కుంచె కడిగెయ్యొచ్చు.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితానికి ఆనకుండా 2 మిల్లీమీటర్ల మౌంటు బోర్డు పెట్టించండి. ఆనితే మన తేమకి మొదటి వానాకాలంలోనే మచ్చలొస్తాయి, అవి ముందు పొగ మీదే తేలతాయి, ఎందుకంటే అక్కడ రంగు లేదు. దక్షిణపు గోడకీ, వంటింటి గోడకీ తగిలించకండి. వెనక బోర్డుకి, గోడకి మధ్య నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. అక్టోబర్లో వానలు తగ్గాక వెనక టేపు విప్పి, ఒక పూట నీడపట్టున ఆరనిచ్చి, మళ్లీ అంటించండి.